చిన్న డాక్టరు ఎందుకు అన్ని ప్రశ్నలు అడుగుతారు?

నాంపల్లి స్టేషన్‌లో దిగి రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రికి బిడ్డను ఎత్తుకుని వెళ్లే తల్లులకు ఇది అనుభవమే. పెద్ద డాక్టరుగారు చూసి వెళ్లాక, పి.జి. చదువుతున్న చిన్న డాక్టరు ఫైలు పట్టుకుని వచ్చి అడిగినవే మళ్లీ అడుగుతారు. ఒక్కోసారి కాగితం చూపించి సంతకం పెట్టమంటారు. "మా మీద ప్రయోగాలు చేస్తున్నారా?" అని ఎందరో భయపడతారు. మమ్మల్నీ అడుగుతుంటారు.

ఎం.డి., ఎం.ఎస్. చదివేవారు థీసిస్ రాయాలి. పరిశోధన ఎలా చేయాలో నేర్పే ఆన్‌లైన్ కోర్సును ఐ.సి.ఎం.ఆర్. సంస్థ 2019లో మొదలుపెట్టింది, పి.జి. విద్యార్థులు దాన్ని కూడా పూర్తి చేయాలి. డిగ్రీ కోసం ఏదో రాసి అటక మీద పడేసేవారు లేరని మేము అనం. కానీ ఈ చదువు ఎంత అవసరమో మన ఊరి కథే చెబుతుంది.

ఆబిడ్స్ నుంచి కోఠీ దాటి మూసీ వైపు వెళితే అఫ్జల్‌గంజ్. అక్కడి పాత ఆసుపత్రిలో హైదరాబాద్ మెడికల్ స్కూలు విద్యార్థులు పని నేర్చుకునేవారు. ఆపరేషన్‌కు మత్తుగా ఇచ్చే క్లోరోఫాం వల్ల కొందరు బల్లమీదే చనిపోతుండేవారు. ముందు ఆగేది ఊపిరా, గుండెా అన్నదే వాదం. ఊపిరే అని, దాన్ని కనిపెట్టుకుని ఉంటే చాలని స్కూలు పెద్ద ఎడ్వర్డ్ లారీ నేర్పేవారు. ఆ రోజుల్లో అక్కడ చదివి, తర్వాత మత్తు డాక్టరుగా పేరు తెచ్చుకున్న మహిళ రూపాబాయి ఫర్దూన్జీ. 1888లో, 1889లో రెండు కమిషన్లు జంతువులపై పరీక్షలు జరిపాయి. రెండోదానికి ఆరవ నిజాం వెయ్యి పౌండ్లు ఇవ్వగా, లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. లారీ మాటే నిజమని తేల్చారు.

అయితే 1911లో ఇంగ్లండులో ఎ.జి. లెవీ పిల్లులపై పరీక్షించి, మత్తు తేలికగా ఉన్నప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని చూపించారు. అన్ని వందల పరీక్షలు చేసినా హైదరాబాదులో తేలింది సగం నిజమే! గురువు చెప్పాడు కదా అని నమ్మి, నాడి చూడడం మానేసిన డాక్టరు చేతిలో రోగి గతి ఏమిటి? చదువుకునే రోజుల్లోనే "దీనికి ఆధారం ఏమిటి?" అని అడగడం అలవాటైతే, రేపు కొత్త మందు గురించి కంపెనీవారు చెప్పిందల్లా ఆ డాక్టరు రాసివ్వరు.

ఇక ఆ కాగితం సంగతి. ఏ అధ్యయనానికైనా ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. ఏం చేస్తారో, నొప్పి గాని ప్రమాదం గాని ఉందో మీకు తెలిసిన భాషలో చెప్పాలి. చదవడం రానివారికి, ఆసుపత్రికి సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలి. పిల్లల తరఫున తల్లిదండ్రులు సంతకం చేయాలి, ఏడేళ్లు దాటిన బిడ్డకు కూడా చెప్పి ఒప్పించాలి. ఇష్టం లేకపోతే వద్దనండి. మధ్యలోనైనా మానుకోవచ్చు, దానివల్ల మీ వైద్యం ఆగకూడదు. సంతకం పెడితే మాత్రం ఒక కాపీ అడిగి, మందుల చీటీతో పాటు దాచుకోండి.