నూరేండ్ల అవ్వ పేరు లిస్టుల ఎందుకు లేదు?

చానా డేటాబేసులల్ల దరఖాస్తు వివరాలన్నీ ఒక్క గడిలనే మూటగట్టి పెడుతున్నరు. పేరు, ఊరు, వయసు అన్నీ అండ్లనే. దాన్ని జేసన్ అంటరు. పోస్ట్‌గ్రెస్‌ల 2012 సంది, మైఎస్‌క్యూఎల్‌ల 2015 సంది ఈ సౌలత్ ఉన్నది. మూట గట్టుడు అల్కనే, ఇప్పేటప్పుడే పంచాది. నా పని రోజూ గా మూటలు ఇప్పుడే.

పోస్ట్‌గ్రెస్‌ల రెండు తీర్ల బాణాలుంటయ్. ఒక్క మొన బాణం (->) ఏస్తే జేసన్ ముక్కనే వస్తది. రెండు మొనలది (->>) ఏస్తే ఉత్త అక్షరాలొస్తయ్. అసలు కిరికిరి గీడనే. 60 ఏండ్లు నిండినోళ్లను తియ్యమని అడుగుతూ, ఆ 60ని కొటేషన్ల పెట్టిన్రనుకోర్రి. అది అంకెల లెక్క చెయ్యది, నిఘంటువు తీరు మొదటి అక్షరం కాడికెళ్లి పోలుస్తది. 100ల ముందటి 1, 60ల 6 కంటే ముందొస్తది. ఇంకేముంది, నూరేండ్ల అవ్వ పింఛన్ లిస్టుల నుంచి ఎగిరిపాయె! ఎర్రర్ సుత రాదు. వయసును అంకెగా మార్చినంకనే పోల్చాలె. (బ్యాంకు ఖాతా నంబరును మాత్రం మార్చొద్దు, ముందటి సున్నాలు పోతయ్.)

ఒక ఫారంల ‘వయసు’, ఇంకోదాన్ల ‘వయస్సు’ అని ఉంటే ఇంకో తిప్పలు. ఒక్క పేరుతోని అడిగితే రెండోదానికి నల్ వస్తది. నల్ అంటే సున్నా కాదు, ఎరుక లేదని. షరతు కాడ అది నిలవడది, మనిషి మాయం. అందుకే లిస్టు తీసినంక నల్‌లు ఎన్నొచ్చినయో నేను వేరే లెక్కవెడ్త. అసలైతే పింఛనుకు ముడివడ్డ వయసుకు సొంత కాలమే ఇయ్యాలె, మూటల ఎందుకు కుక్కాలె?