రొయ్య పెంకుకు కరక్కాయ గుణం: ఆహారాన్ని కాపాడే పొర

వేయించిన వేరుశనగలు, చిప్స్ గాలి తగిలేలా ఉంచితే కొన్నాళ్లకు పాత నూనె వాసన వేస్తాయి. ఇందుకు ముఖ్య కారణం ఆక్సిజన్. కొవ్వు అణువు నుంచి ఒక హైడ్రోజన్ ఊడితే అది ఫ్రీ రాడికల్‌గా మారుతుంది. అది ఆక్సిజన్‌తో కలిసి పక్క అణువు నుంచి హైడ్రోజన్‌ను లాగేస్తుంది. అలా గొలుసు చర్య మొదలవుతుంది. ప్లాస్టిక్ కవరు గాలిని కొంతవరకు అడ్డుకోగలదు కానీ, లోపల మొదలైన ఈ గొలుసును తెంచలేదు. పారేశాక మట్టిలో కలవదు కూడా. ఈ రెండు లోపాలనూ తీర్చగల పదార్థాల్లో ఒకటి కైటోసాన్.

పెంకు నుంచి పొర

రొయ్యల సాగులో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఎగుమతికి శుద్ధి చేసేటప్పుడు రొయ్య బరువులో సగానికి దగ్గరగా తల, పెంకుల రూపంలో వ్యర్థమవుతుంది. పెంకుల్లోని కాల్షియం కార్బొనేట్‌ను పలుచని ఆమ్లంతో, ప్రోటీన్లను పలుచని క్షారంతో తొలగిస్తే కైటిన్ మిగులుతుంది. దాన్ని 40 నుంచి 50 శాతం గాఢత గల వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో ఉంచితే ఎసిటైల్ సమూహాలు చాలావరకు పోయి కైటోసాన్ వస్తుంది. ఇది పలుచని ఎసిటిక్ ఆమ్లంలో కరుగుతుంది. ఆ ద్రావణాన్ని పళ్లెంలో పోసి ఆరబెడితే పారదర్శకమైన పొర ఏర్పడుతుంది.

కలపడం కాదు, అతికించడం

కైటోసాన్‌కు యాంటీఆక్సిడెంట్ శక్తి తక్కువ. అందుకే కరక్కాయ, ఉసిరి, తేయాకుల్లో ఉండే గాలిక్ ఆమ్లాన్ని జోడిస్తారు. ఊరికే కలిపితే ఈ చిన్న అణువులు పొర నుంచి కారిపోయి ఆహారంలోకి చేరవచ్చు. గాలిక్ ఆమ్లంలోని కార్బాక్సిల్ సమూహాన్ని కైటోసాన్‌లోని అమైన్ సమూహంతో బంధిస్తే ఆ సమస్య తగ్గుతుంది. ప్రోటీన్లలో అమైనో ఆమ్లాలను కలిపి ఉంచే అమైడ్ బంధమే ఇక్కడా ఏర్పడుతుంది. విటమిన్-సి, హైడ్రోజన్ పెరాక్సైడ్ సాయంతో గది ఉష్ణోగ్రత వద్దే జోడించే పద్ధతి కూడా ఉంది.

గాలిక్ ఆమ్లంలోని హైడ్రాక్సిల్ సమూహాలు తమ హైడ్రోజన్‌ను రాడికల్‌కు ఇచ్చేస్తాయి. మిగిలిన ఎలక్ట్రాన్ బెంజీన్ వలయం అంతటా పరుచుకోవడంతో అణువు స్థిరంగా ఉంటుంది, మరొకదానిపై దాడికి దిగదు. గొలుసు అక్కడే తెగుతుంది. ప్రయోగశాలలో దీన్ని రంగుతో కొలుస్తారు. డీపీపీహెచ్ అనే రాడికల్ ద్రావణం ఊదా రంగులో ఉంటుంది. పొర ముక్క పనిచేస్తే అది లేత పసుపుకు మారుతుంది. 517 నానోమీటర్ల వద్ద కాంతి శోషణ ఎంత తగ్గిందో చూసి సామర్థ్యాన్ని లెక్కిస్తారు.

ఒకటి పొందితే ఒకటి వదులుకోవాలి

అతికించిన అణువు కదలలేదు కాబట్టి, ఆహారం పొరకు తగిలిన చోటే దాని ప్రభావం ఎక్కువ. మరో చిక్కు ఉంది. కైటోసాన్ బ్యాక్టీరియాను అడ్డుకోవడానికి ధనావేశం గల అమైన్ సమూహాలే ముఖ్య కారణం. వాటన్నిటినీ గాలిక్ ఆమ్లానికే వాడేస్తే ఆ గుణం తగ్గే ప్రమాదం ఉంది. పైగా కైటోసాన్ తేమను పీలుస్తుంది. సాధారణ ప్లాస్టిక్‌లా నీటి ఆవిరిని ఆపలేదు.

కొన్ని రకాల ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది. అయితే 'సహజం' అన్న మాటతోనే ప్రత్యామ్నాయం సిద్ధమైనట్టు కాదు. రొయ్యలు పడనివారికి ఈ పొర సురక్షితమేనా, తయారీలో మిగిలే క్షారపు నీటిని శుద్ధి చేస్తున్నారా అన్నవి కూడా తేలాలి. పెంకును చెత్తకుప్ప నుంచి తప్పించి కాలువను కలుషితం చేస్తే లాభం లేదు.