వైకల్య పింఛను పొందే మాజీ సైనికులు ఉద్యోగం చేయవచ్చు

అనకాపల్లి: సైనిక సేవలో గాయపడి లేదా వ్యాధికి గురై వైకల్య పింఛను పొందుతున్న మాజీ సైనికులు పూటపని గాని, పూర్తికాల ఉద్యోగం గాని చేసినంత మాత్రాన ఆ పింఛను రద్దు కాదు. పరవాడ, అచ్యుతాపురం పారిశ్రామిక ప్రాంతాలలో కాపలా విధులు నిర్వహించినా, అనకాపల్లి బెల్లం మార్కెట్టులో కొద్ది గంటలు లెక్కలు వ్రాసినా పింఛను పోతుందని భయపడవలసిన అవసరం లేదు. అయితే ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన వారు పాటించవలసిన నిబంధనలు కొన్ని ఉన్నాయి.

పింఛను దేనికి ఇస్తారు?

సైనిక వైకల్య పింఛనులో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది చేసిన సేవకు సంబంధించిన సర్వీసు భాగం. రెండవది వైకల్య భాగం. వైకల్యం సైనిక సేవ వలన కలిగినదై గాని, సేవ వలన తీవ్రతరమైనదై గాని ఉండాలి. వైద్య మండలి దానిని కనీసం 20 శాతంగా నిర్ధారించాలి. ఆ వ్యక్తి ప్రస్తుతం ఎంత సంపాదిస్తున్నాడన్నది ఈ లెక్కలోకి రాదు. ఇది శరీరానికి కలిగిన నష్టానికి పరిహారమే గాని నిరుద్యోగ భృతి కాదు.

నూరు శాతం వైకల్యానికి వైకల్య భాగం, పింఛనుకు లెక్కించే చివరి వేతనంలో 30 శాతం. వైకల్యంతో సేవ నుండి తొలగింపబడిన వారి విషయంలో 1996 జనవరి 1 నుండి 50 శాతానికి లోపు వైకల్యాన్ని 50 శాతంగాను, 50 నుండి 75 వరకు ఉన్నదానిని 75 శాతంగాను, అంతకు మించినదానిని 100 శాతంగాను పరిగణిస్తున్నారు. పదవీ విరమణ పొందిన వారికి కూడా ఈ సవరణ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో స్పష్టం చేసింది. 2023 సెప్టెంబరు 21 నుండి కొత్త అర్హతా నిబంధనలు అమలులోకి వచ్చినందున, ఆ తేదీ తరువాత సేవ నుండి వైదొలగిన వారి అర్హతను వాటి ప్రకారం నిర్ణయిస్తారు.

ఉదాహరణకు చివరి వేతనం రూ.40,000, వైకల్యం 30 శాతం ఉండి సేవ నుండి తొలగింపబడిన జవానుకు వైకల్యాన్ని 50 శాతంగా లెక్కిస్తే వైకల్య భాగం రూ.6,000 అవుతుంది. ఆయన ప్రైవేటు సంస్థలో నెలకు రూ.10,000 సంపాదించినా ఆ రూ.6,000లో మార్పు ఉండదు.

పని చేయగలుగుతున్నారన్న కారణంతో మళ్లీ వైద్య పరీక్షకు పిలుస్తారన్న సందేహానికీ తావు లేదు. శాశ్వతమని నిర్ధారించిన వైకల్యంపై నిర్ణయం, పింఛనుదారు స్వయంగా పునఃపరిశీలన కోరితే తప్ప, జీవితాంతం అంతిమమని రక్షణ మంత్రిత్వ శాఖ 2001లో ఉత్తర్వులు జారీ చేసింది.

ప్రభుత్వ ఉద్యోగమైతే

కేంద్ర ప్రభుత్వ కొలువులలో తిరిగి చేరిన పింఛనుదారుల వేతన స్థిరీకరణకు 1986 నాటి ఉత్తర్వులు ఆధారం. 55 ఏళ్ల లోపు పదవీ విరమణ చేసిన, కమిషన్డ్ అధికారి కంటే తక్కువ హోదా గల వారి పూర్తి పింఛనును వేతన స్థిరీకరణలో పరిగణనలోకి తీసుకోరు. అధికారుల విషయంలో నిర్ణీత పరిమితి వరకే ఈ మినహాయింపు లభిస్తుంది.

పింఛనుపై చెల్లించే కరవు భృతికి సంబంధించి ప్రత్యేక జాగ్రత్త అవసరం. కమిషన్డ్ అధికారి కంటే తక్కువ హోదాలో పనిచేసి, పూర్తి పింఛను మినహాయింపు పొంది, కొత్త ఉద్యోగంలో కనీస వేతన స్థాయిలో చేరిన వారికి 1997 జూలై 18 నుండి ఈ భృతి కొనసాగుతున్నది. ఇతరులకు అది నిలిచిపోవచ్చు. కావున పునర్నియామకం విషయాన్ని దాచకుండా పింఛను చెల్లింపు అధికారులకు తెలియజేయాలి. లేనిచో అదనంగా చెల్లించిన మొత్తాన్ని తరువాత రాబట్టే అవకాశం ఉన్నది.

కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు, బ్యాంకుల గ్రూప్-సి ఉద్యోగాలలో మాజీ సైనికుల కోటా 14.5 శాతం. ఇందులో 4.5 శాతం వికలాంగ మాజీ సైనికులకు, యుద్ధంలో మరణించిన వారి కుటుంబ సభ్యులకు కేటాయించబడినది. అనగా వైకల్య పింఛనుదారు ఉద్యోగం చేయడాన్ని ప్రభుత్వ విధానమే ప్రోత్సహిస్తున్నది.

వేరు పథకాలతో పోల్చరాదు

రాష్ట్ర ప్రభుత్వం ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు ఇచ్చే పింఛను దీనికి పూర్తిగా భిన్నమైనది. 2024లో రూ.6,000కు పెంచిన ఆ పింఛను సామాజిక భద్రతా పథకం. దానికి కుటుంబ ఆదాయ పరిమితి వంటి షరతులు ఉన్నాయి.

అమెరికా పద్ధతి కూడా వేరు. అక్కడ సేవా సంబంధ వైకల్యం వలన నిలకడైన జీవనోపాధి పొందలేని మాజీ సైనికులకు, వైకల్యం 60 లేదా 70 శాతమే ఉన్నా, నూరు శాతం రేటున పరిహారం ఇచ్చే ఏర్పాటు ఉన్నది. అటువంటి వారి సంపాదన సాధారణంగా ఒక వ్యక్తికి నిర్ణయించిన దారిద్ర్యరేఖను దాటరాదు. సంపాదనపై ఆ పరిమితిని మన దేశపు సైనిక వైకల్య పింఛనుకు అన్వయించడం సరికాదు.

పింఛనుదారులు చేయవలసినది

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోని మాజీ సైనికులు పింఛను చెల్లింపు ఉత్తర్వు, డిశ్చార్జి పుస్తకం, వైద్య మండలి నివేదిక ప్రతులను భద్రపరచుకోవాలి. ప్రతి సంవత్సరం గడువులోగా స్పర్శ్ విధానంలో జీవన ధ్రువీకరణ పూర్తి చేయాలి. వైకల్య శాతం, కరవు భృతి విషయాలలో సందేహాలు ఉన్నచో ఉద్యోగంలో చేరడానికి ముందే సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించి నివృత్తి చేసుకోవడం మేలు.