నీలగిరి తైలం మందే... కానీ!

జలుబు చేస్తే మా ఇంట్లో మొదటి మందు నీలగిరి తైలం. మమ్మల్ని చూడ్డానికి అమెరికా వచ్చినప్పుడు, అమ్మ ఆవకాయతో పాటు ఓ సీసా కూడా తెచ్చింది.

పోయిన శీతాకాలంలో ఓ రాత్రి, ఆవిరి పట్టడానికి వేడినీళ్ళలో రెండు చుక్కలు వేసి, మూత పెట్టకుండానే ఫోన్ మోగితే వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మా రెండేళ్ళ పాప చేతిలో సీసా! నోట్లో ఘాటు వాసన, ఒకటే దగ్గు.

"ఉప్పునీళ్ళు తాగించి కక్కించు" అంది అమ్మ కంగారుగా. నేను పాయిజన్ కంట్రోల్‌కి (1-800-222-1222) ఫోన్ చేశాను. "కక్కించొద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసా తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి" అన్నారు. తెల్లవార్లూ పాపను కనిపెట్టి చూశారు. మింగింది కొద్దిగానే కాబట్టి గండం గడిచింది.

ఈ తైలంలో ముఖ్యమైన పదార్థం సినియోల్. ఒక్క చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు, కడుపులోకి పోయినా పసివాళ్ళకు ప్రాణాపాయమే. మత్తు, వాంతులు, మూర్ఛ రావచ్చు. బిడ్డ స్పృహ తప్పినా, మూర్ఛ వచ్చినా, ఊపిరాడకపోయినా వెంటనే 911కి ఫోన్ చేయాలి. పసిపిల్లల ముక్కు దగ్గర, ఛాతీ మీద ఈ తైలం రాయకూడదు. పూజగదిలో పటికబెల్లంలా కనిపించే కర్పూరం కూడా ఇంతే ప్రమాదం.

ఇప్పుడు మా ఇంట్లో రెండూ తాళం వేసిన అలమరలో ఉంటున్నాయి. తాళంచెవి అమ్మ కొంగున!