లవంగము లేని లవంగపు వాసన

బెల్జియము దేశమందు ఆర్డెన్స్ కొండల నడుమ అషూఫ్ అను చిన్న గ్రామము కలదు. అచ్చటి బీరు కర్మాగారమువారు 2006లో ‘ఊబ్లోన్ షూఫ్’ అను ఒక క్రొత్తరకపు బీరును తయారు చేసిరి. ఇట్టి బీరులలో ఒక వింత యున్నది. వాసన చూచినచో లవంగము, అరటిపండు, నారింజ తొక్క జ్ఞప్తికి వచ్చును. కాని వీనిలో ఏ ఒక్కటియు పాత్రలో వేయనక్కరలేదు! మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, నీరు, హాప్స్ అను తీగ పూలు, ఈస్టు - ముఖ్యమైన పదార్థములు ఇవియే. మరి ఆ వాసనలు ఎచ్చటి నుండి వచ్చినవి?

ఈ తెగకు ‘బెల్జియన్ ఇండియా పేల్ ఏల్’ అని పేరు. 19వ శతాబ్దిలో ఇంగ్లండు నుండి మన దేశమందలి ఆంగ్లేయుల కొరకు ఓడలలో పంపిన, హాప్స్ అధికముగా వేసిన లేతరంగు బీరు వలన ‘ఇండియా’ అను మాట ఈ పేరులో నిలిచినది. ఆ బీరు పద్ధతిలో హాప్స్ దండిగా వేసి, బెల్జియము ఈస్టుతో పులియబెట్టినచో ఈ సంకరము ఏర్పడును. ఇది సంకరజాతి జొన్న వంటిది కాదు. ఇచ్చట కలిసినవి రెండు జీవులు కావు, రెండు పద్ధతులు.

మొదట హాప్స్ సంగతి చూతము. ఈ పూల అడుగున పసుపుపచ్చని జిగురు పొడి యుండును. అందు ఆల్ఫా ఆమ్లములున్నవి. బార్లీ కషాయములో వీనిని మరిగించినచో అణువుల అమరిక మారి, చేదైన ఐసో ఆల్ఫా ఆమ్లములగును. ఇవి కొన్ని బాక్టీరియములు పెరుగకుండ అడ్డుపడును. హాప్స్‌లోని సువాసన తైలములు మాత్రము ఆవిరితో పోవును. అందుచేత వాసన కొరకు మరికొన్ని పూలను చివరలో గాని, పులిసిన పిదప గాని వేయుదురు. నారింజ తొక్క వాసన వీని వలననే కలుగును.

ఇక ఈస్టు. ఇది చక్కెరను ఆల్కహాలుగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చునని విద్యార్థు లెరుగుదురు. కాని దాని పని అంతటితో ముగియదు. ఆల్కహాలులతో ఆమ్లముల అంశములను చేర్చి ఎస్టరులను తయారుచేయును. వీనిలో ఐసోఎమైల్ ఎసిటేటు ఒకటి. పండిన అరటిపండు వాసనకు ముఖ్యకారణము ఇదియే. వెచ్చదనము హెచ్చినకొలది సాధారణముగా ఎస్టరులు పెరుగును. బెల్జియము ఈస్టులను తరచు 20 డిగ్రీల సెంటీగ్రేడుకు పైబడిన వేడిమిలో పులియనిత్తురు.

బార్లీ కణముల గోడలలో ఫెరూలిక్ ఆమ్లము కలదు. కొన్ని ఈస్టులు దాని నుండి బొగ్గుపులుసు వాయువును విడగొట్టి, 4-వినైల్ గ్వయకాల్ అను పదార్థమును మిగుల్చును. లవంగములోని యూజినాలునకు ఇది దగ్గరి చుట్టము. కనుకనే లవంగపు వాసన!

ఈ పనికి ఈస్టులో రెండు జన్యువులు అవసరము. బెల్జియము, అమెరికా శాస్త్రజ్ఞులు 157 రకముల ఈస్టులను పరిశీలించి 2016లో ప్రకటించిన విషయము గమనింపదగినది. అనేక బీరు ఈస్టులలో ఆ జన్యువులు చెడిపోయి పనిచేయుట లేదు. లవంగపు వాసన నచ్చని మానవులు, సూక్ష్మజీవి యనునది ఒకటి కలదని తెలియకయే, ఆ వాసన లేని పులుపును తరతరములుగా ఏరి దాచిరి. ఆ వాసన కోరినచోట్ల జన్యువులు నిలిచినవి. రైతు మంచి విత్తనమును ఏరినట్లే యిది జరిగినది.

రెండు పద్ధతులను కలుపుట సులభము కాదు. హాప్స్ చేదు, లవంగపు వాసన రెండును హెచ్చినచో ఒకదానితో ఒకటి పొసగక రుచి కటువగును. అందుచే పాళ్లు చూచుకొనవలయును.

ఆల్కహాలు శరీరమునకు హానికరము. కాని ఈస్టు గుణము తెలిసికొనుటకు బీరుతో పనిలేదు. గోరువెచ్చని చక్కెర నీటిలో రొట్టెల ఈస్టును కలిపి, వెలువడు వాయువును గొట్టము ద్వారా సున్నపు తేటలోనికి పంపినచో అది పాలవలె తెల్లబడును. కంటికి కానరాని జీవి చేయు పనిని తరగతిలో అందరును చూడవచ్చును.