మీకు తెలుసా? ఎన్టీఆర్ ఇల్లు ఓ పాత వ్యాను!

1982లో తెలుగుదేశం పార్టీ పెట్టాక నందమూరి తారక రామారావు ఎన్నికల ప్రచారం కోసం నెలల తరబడి ఒక వ్యానులోనే కాపురమున్నారు. అది 1940ల నాటి షెవర్లే. దాన్ని బాగుచేయించి ‘చైతన్య రథం’ అని పేరు పెట్టారు.

• స్టీరింగ్ పట్టింది ఆయన కొడుకు హరికృష్ణ.

• స్నానం రోడ్డు పక్కనే, నిద్ర వ్యానులోనే. ఊరు రాగానే ఖాకీ బట్టల్లోనే పైకెక్కి మైకు అందుకునేవారు. అర్ధరాత్రి దాటినా జనం దారి పొడవునా కాచుకునేవారు.

• ఆ ఎన్నికల్లో గుడివాడతో పాటు మన రాయలసీమలోని తిరుపతిలోనూ గెలిచి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

రాష్ట్ర చరిత్రను మలుపు తిప్పిన ఇలాంటి బండ్లను తుక్కు కానివ్వకుండా పదిలంగా కాపాడుకోవాలి.