తలుపు వేసుకుని వేడినీటి స్నానం

పండుగనాడు కాగులో నీళ్ళు మరగబెట్టి, నలుగుపెట్టి, తలంటి పోయడం మన ఇళ్ళలో ఎరగనివారెవరు? పొయ్యీ, పొగా, ఊదుగొట్టం ఏవీ లేకుండా భూదేవే నీళ్ళు కాచి ఇస్తే ఎంత హాయి!

అటువంటి చోటు మనకు దూరమేమీ కాదు. భద్రాచలానికి సుమారు 5 కిలోమీటర్లలో, గోదావరి ఒడ్డున గుండాల అనే ఊరుంది. చలికాలంలో ఏరు తీసినప్పుడు అక్కడి ఇసుకలో చిన్న గుంట తవ్వితే వేడినీళ్ళు ఊరుతాయి. శీతకాలంలో త్రిమూర్తులు ఇక్కడ స్నానం చేస్తారని జనం చెప్పుకుంటారు. ఈ ప్రాంతం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఆపైన ఖమ్మం జిల్లాకు పోయింది. 2014లో గుండాల మళ్ళీ మన జిల్లాకు వచ్చి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. జిల్లాలు మారాయిగాని నీళ్ళ వేడి మారలేదు!

అగ్నిపర్వతం లేనిచోట నీళ్ళెలా కాగాయంటారా? గోదావరి లోయ అనాదికాలంలో భూమి బీటలువారి కుంగిన చోటు. సింగరేణి బొగ్గు దొరికేదీ ఆ పల్లంలోనే. వాననీరు పగుళ్ళ వెంట లోతుకు దిగి, లోపలి వేడికి కాగి, మరో పగులు గుండా పైకి వస్తుంది. మణుగూరు దగ్గర పగిడేరులో అలా వచ్చే వేడినీటితో 20 కిలోవాట్ల విద్యుత్తు తీసే ప్రయోగం కూడా సింగరేణివారు చేపట్టారు.

కొన్నేళ్ళ క్రితం మోకాళ్ళ నొప్పులతో బాధపడే మా వదినగారిని గుండాల తీసుకువెళ్ళాను. గుంట తవ్వించాం, నీళ్ళూ ఊరాయి. కాని చుట్టూ యాత్రికులు, ఫోటోలు తీసేవాళ్ళు. ఆవిడ చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి, పాదాలు మాత్రం తడుపుకుని లేచేసింది. “ఇంతమందిలో స్నానం ఏమిటి వదినా, పద పోదాం” అంది. నొప్పి మోకాళ్ళది, తడిసింది పాదాలు!

నిరుడు ఆవిడ కొడుకు దగ్గరికి జపాను వెళ్ళింది. అతడు తల్లిని టోకియోకు దగ్గరలోనే వున్న హకోనే కొండల్లోని ఒక సత్రానికి తీసుకువెళ్ళాడు. ఇలాంటి సత్రాలను అక్కడ ‘ర్యోకాన్’ అంటారు. వేడినీటి ఊటను ‘ఆన్సెన్’ అంటారు. ఏది ఆన్సెనో తేల్చడానికి 1948లో చట్టమే చేశారు. ఊట దగ్గర నీరు 25 డిగ్రీల సెంటీగ్రేడైనా వుండాలి, లేదా చట్టంలో చెప్పిన 19 ద్రవ్యాలలో ఒకటైనా తగిన మోతాదులో వుండాలి. యమనాషి కొండల్లోని కెయున్‌కాన్ అనే సత్రం క్రీ.శ. 705 నాటిదట. లోకంలోకెల్లా పాత హోటలని గిన్నిస్ వారు దాన్ని గుర్తించారు.

మామూలుగా అక్కడ ఆడవారికొక తొట్టి, మగవారికొక తొట్టి. దిగేవారి ఒంటిమీద నూలుపోగు వుండకూడదు. ఈ మాట విని మా వదిన “నేను గదిలోనే కూచుంటా, మీరు వెళ్ళిరండి” అన్నదట. కొడుకు నవ్వి, తల్లికోసం వేరే స్నానాల గది మాట్లాడాడు. ‘కాషికిరి’ అంటారు దాన్ని. ముప్పావుగంటో గంటో ఆ గది అంతా మనదే. లోపల గడియ వేసుకుంటే మరొకరు రారు. పిల్లలున్నవారు, ముసలివారు, సిగ్గరులు దీన్నే కోరుకుంటారు.

ముందు చిన్న పీటమీద కూర్చుని సబ్బుతో ఒళ్ళు శుభ్రంగా రుద్దుకుని, నురుగంతా పోయేలా కడుక్కోవాలి. తొట్టి మురికి వదుల్చుకోవడానికి కాదు, నానడానికి. తువాలు కూడా నీటిలో ముంచకూడదు. నీళ్ళు 40, 42 డిగ్రీల వేడి వుంటాయి. పది నిమిషాలు నాని, పైకి వచ్చి సేదదీరి, కావాలంటే మళ్ళీ దిగాలి. గుండెజబ్బు, రక్తపుపోటు వున్నవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి.

“కిటికీలోంచి కొండ, పైన మంచు, మెడదాకా వేడినీళ్ళు. పెళ్ళయిన తర్వాత ఇంత నిశ్చింతగా స్నానం చేసిన గుర్తు లేదు వదినా! ఇంట్లో అయితే ‘ఇంకా కాలేదా?’ అని ఎవరో ఒకరు తలుపు కొడుతూనే వుంటారు గదా!” అంది తిరిగివచ్చాక.

“మరి మోకాళ్ళో?” అన్నాను.

“నొప్పి పోయిందనను. రెండురోజులు మెట్లు తేలిగ్గా ఎక్కాను.”

జపానులో వేడినీళ్ళు పుష్కలం, నిజమే. కాని మా వదినకు సుఖమిచ్చింది ఒక్క నీళ్ళేనా? గుండాలలోనూ నీళ్ళు వేడివే. ఆ చెక్క తలుపు, దాని గడియ లేకపోతే ఆవిడ అక్కడ కూడా పాదాలు తడుపుకునే వచ్చేది.

ఈ మాఘమాసంలో మళ్ళీ గుండాల వెళదామంటోంది. వెంట తీసుకువెళ్ళవలసిన సామానుకు జాబితా కూడా వేసింది: పలుగు, చెంబు, నాలుగు వెదురు గుంజలు, రెండు పాత దుప్పట్లు.